రాష్ట్రపతిని దించాలన్న ఆగస్టు

యుద్ధకాలంలో సంతకాలు పెట్టిన రాష్ట్రపతుల జోలికి ఎవరూ పోలేదు. యుద్ధం ఊసే లేని వేళ, ఎంపీల తలలు లెక్కపెట్టిన అనంతపురం మనిషిని మాత్రం అభిశంసించాలన్నారు.

అనంతపురం జిల్లాలో జూలైలో విత్తిన చెనక్కాయకు ఆగస్టు వాన ప్రాణం. 1979లో దేశమంతా రుతుపవనాలు చేతులెత్తేశాయి. పల్లెల్లో జనం మబ్బుల వంక చూస్తుంటే, ఢిల్లీ మాత్రం ఎవరి వెంట ఎందరు ఎంపీలున్నారో లెక్క చూసుకుంటోంది. ఆ లెక్క తేల్చాల్సింది ఈ జిల్లావాడే. ఆగస్టు 22న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. జనతా పార్టీ భగ్గుమంది. ఊరేగింపులు తీసింది, రాష్ట్రపతి పక్షపాతి అంది. ఆయన్ను అభిశంసించి పదవి నుంచి తొలగించాలన్న డిమాండ్ కూడా లేచింది.

రెండేళ్ల కిందట ఆయన్ను పోటీ లేకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆ జనతా పార్టీయే.

సంజీవరెడ్డి మీద వచ్చిన విమర్శల్లో పస ఉంది. అభిశంసన డిమాండ్‌లో లేదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే నలభై ఏళ్లు దాటినా ఆయన గురించి మాట్లాడేటప్పుడు అయితే దేవుణ్ణి చేస్తారు, లేదంటే ద్రోహిని చేస్తారు. మన జిల్లాలో మొదటి రకం ఎక్కువ. "మనోడు కదప్పా" అన్నాక ఇక వాదనకు చోటుండదు. ఉత్తరాదిలో రెండో రకం ఎక్కువ.

ఇల్లూరు, తరిమెల

సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరులో పుట్టారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చి వెళ్లాక ఆ కుర్రవాడి మనసు చదువు మీద నిలవలేదు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ చదువు మధ్యలో వదిలేసి ఉద్యమంలో దూకారు. క్విట్ ఇండియా రోజుల్లో అమరావతి జైల్లో ప్రకాశం, కామరాజ్, వి.వి. గిరి ఆయన సహచరులు. ఈ గిరి పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

ఇల్లూరుకు తరిమెల ఎంతో దూరం కాదు. ఇప్పుడు రెండూ శింగనమల అసెంబ్లీ నియోజకవర్గంలోనే ఉన్నాయి. తరిమెల ఆడపడుచు నాగరత్నమ్మను సంజీవరెడ్డి పెళ్లాడారు. ఆమె సోదరుడు తరిమెల నాగిరెడ్డి కమ్యూనిస్టు. తొలి సార్వత్రిక ఎన్నికల్లో అనంతపురం అసెంబ్లీ స్థానంలో బావ, బావమరిది ఢీకొన్నారు. బావమరిది గెలిచారు. అప్పటికే మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్.జి. రంగాను ఓడించిన నాయకుణ్ణి సొంత గడ్డ ఇలా ఓడించింది. సీమలో చుట్టరికం వేరు, ఓటు వేరు.

ఆ తరవాతి మెట్లు పాఠకులకు తెలిసినవే. ఆంధ్ర రాష్ట్రానికి ఉపముఖ్యమంత్రి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడు, మళ్లీ ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి, 1967లో హిందూపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్. 1964లో బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల తరవాత ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. దాన్ని ఆయన అభిమానులు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోదగ్గదే. అంతకంటే అరుదైన సంగతి ఒకటుంది. రాష్ట్రపతిని అభిశంసించే 61వ అధికరణను రాసిన రాజ్యాంగ సభలో ఆయనా సభ్యుడే. ముప్పై ఏళ్ల తరవాత దాన్ని చూపించి బెదిరించింది ఆయన్నే.

బెంగళూరులో మొదలైన ముడి

1979ని అర్థం చేసుకోవాలంటే పదేళ్లు వెనక్కి, 1969 జూలైకి వెళ్లాలి. రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మేలో కన్నుమూశారు. కాంగ్రెస్ అభ్యర్థిని తేల్చడానికి పెద్దలంతా బెంగళూరులో కూర్చున్నారు. ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు ముందుకు తెచ్చారు. పార్టీలో ఆమెకు ఎదురు నిలిచిన సిండికేట్ పెద్దలు సంజీవరెడ్డి అన్నారు. పార్లమెంటరీ బోర్డులో సంజీవరెడ్డి పేరే నెగ్గింది. అంటే సంజీవరెడ్డి, జగ్జీవన్ రామ్ ఎదురుపడటం, ముందు ముందు చూడబోయే 1979లో మొదలైంది కాదు.

తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేసి స్వతంత్రుడిగా బరిలోకి దిగారు. సంజీవరెడ్డి నామినేషన్ మీద స్వయంగా సంతకం చేసిన ఇందిర, ఓటు మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు వేయమన్నారు. ఇద్దరు తెలుగువాళ్లు, ఒకప్పటి జైలు సహచరులు, దేశ అత్యున్నత పదవికి తలపడ్డారు. తొలి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. సంజీవరెడ్డి అనంతపురం తిరిగొచ్చి వ్యవసాయం చూసుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. ఆ ఎన్నికల వేళ సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద బురద చల్లుతూ ఒక కరపత్రం ఎంపీల చేతుల్లో తిరిగింది. పార్లమెంటు సెంట్రల్ హాలులోనే పంచారన్నది ఆరోపణ. దాన్ని పట్టుకుని గిరి ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి సుప్రీంకోర్టు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు. అంతకుముందు ఏ రాష్ట్రపతీ ఆ పని చేయలేదు. 1970 సెప్టెంబరులో కోర్టు పిటిషన్లు కొట్టేసింది. రాష్ట్రపతిని దించడానికి అభిశంసన ఒక్కటే దారి అనుకుంటాం కానీ, మన దేశంలో ఒక రాష్ట్రపతి పదవి నిజంగా ఊగిసలాడింది అభిశంసన వల్ల కాదు, ఒక చిల్లర కరపత్రం వల్ల.

యుద్ధం వచ్చినప్పుడు

గిరి పదవి నిలిచింది. ఏడాది గడిచిందో లేదో యుద్ధం వచ్చింది. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. ఆ రాత్రే గిరి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అప్పుడు రక్షణ మంత్రి ఎవరో తెలుసు కదా, జగ్జీవన్ రామ్. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి. రెండు వారాల్లో యుద్ధం ముగిసింది, అత్యవసర పరిస్థితి మాత్రం ముగియలేదు. 1977 మార్చి దాకా అది అలాగే ఉంది. 1975లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టిన ఇంకో ఎమర్జెన్సీ దీనిమీద పడింది. ఆ రోజుల్లోనే, 1976 జూలైలో, మన నాగిరెడ్డి అజ్ఞాతంలో ఉండగానే చనిపోయారు.

అంతకుముందు 1962లోనూ ఇదే వరస. అక్టోబరు 20న చైనా దాడి, 26న సర్వేపల్లి రాధాకృష్ణన్ సంతకం. ఆయనా తెలుగు కుటుంబంలోంచి వచ్చినవారే, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినవారే. యుద్ధం నెల రోజుల్లో ఆగింది. ప్రకటన 1968 జనవరి దాకా నడిచింది. ఈలోగా 1965లో పాకిస్తాన్‌తో ఇంకో యుద్ధం అయిపోయింది. భారత రక్షణ నిబంధనల పేరుతో పుచ్చలపల్లి సుందరయ్యతో సహా ఎందరో కమ్యూనిస్టులు విచారణ లేకుండా జైళ్లలో మగ్గారు.

ఈ కాగితాలన్నిటి మీదా రాష్ట్రపతి సంతకమే ఉంది. పౌరహక్కులను ఏళ్ల తరబడి మూలన పెట్టిన సంతకాలవి. అయినా రాష్ట్రపతిని దించాలన్న మాట గట్టిగా వినపడలేదు. 1962 ఓటమికి రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదవి పోయింది. 1963 ఆగస్టులో కృపలానీ దేశంలోనే తొలి అవిశ్వాస తీర్మానం పెట్టింది నెహ్రూ ప్రభుత్వం మీద. జనానికి, పార్టీలకు తెలుసు, మన దగ్గర యుద్ధం చేసేది ప్రధాని, సంతకం పెట్టేది రాష్ట్రపతి.

యుద్ధం చేసేవాడే అధ్యక్షుడైన అమెరికాలో పరిస్థితి వేరుగా ఉండాలి కదా. పెద్ద తేడా లేదు. 1974 జూలైలో నిక్సన్ మీద ప్రతినిధుల సభ న్యాయకమిటీ మూడు అభియోగాలు ఆమోదించింది. కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించాడన్న అభియోగాన్ని మాత్రం 26-12 ఓట్లతో తోసిపుచ్చింది. వాటర్‌గేట్ కప్పిపుచ్చడం నేరమైంది, కాంగ్రెస్‌కు చెప్పకుండా ఒక దేశం మీద బాంబులు కురిపించడం కాలేదు. 2008 జూన్‌లో సభ సభ్యుడు డెనిస్ కుసినిచ్ ఇరాక్ యుద్ధం మొదలు పలు విషయాల మీద జార్జి బుష్‌పై 35 అభియోగాలు సభ ముందు పెట్టాడు. అప్పుడు సభలో మెజారిటీ కుసినిచ్ సొంత డెమొక్రాటిక్ పార్టీదే. కాగితాలు కమిటీకి వెళ్లాయి, అక్కడే ఉండిపోయాయి. బుష్‌ను తిట్టడానికి, వెనకేసుకురావడానికి రెండు పార్టీలకూ నోళ్లు చాలలేదు, తీర్మానం నడపడానికి మాత్రం చేతులు రాలేదు. అవతలి పార్టీ కూడా కలిసిరాకపోతే అభిశంసన నెగ్గదు, కలిసొచ్చే పరిస్థితే ఉంటే అంతదాకా రాదు. నిక్సన్ విషయంలో జరిగింది ఈ రెండోదే. సొంత పార్టీ చెయ్యి వదిలేయడంతో సభ ఓటు వేయకముందే రాజీనామా చేశాడు.

రెండు జాబితాలు

1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో జనతాకు దక్కింది ఒకే ఒక్కటి, నంద్యాల. గెలిచింది సంజీవరెడ్డి. స్పీకర్ అయ్యారు, జూలైలో రాష్ట్రపతి అయ్యారు. ప్రధాని మొరార్జీ దేశాయ్‌తో ఆయనకు పొసగలేదన్నది ఢిల్లీలో బహిరంగ రహస్యం.

1979 జూలై 11న ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. చరణ్ సింగ్ వర్గం జనతా నుంచి బయటికి నడిచింది. ఓటింగ్ దాకా ఆగకుండా 15న మొరార్జీ రాజీనామా చేశారు. రాష్ట్రపతి మొదట చవాన్‌ను పిలిచారు, ఆయన వల్ల కాలేదు. అప్పుడు మొరార్జీని, చరణ్ సింగ్‌ను తమ వెంట ఉన్న ఎంపీల పేర్లు రాసి ఇమ్మన్నారు. రెండు జాబితాలు వచ్చాయి. కొన్ని పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి!

ఆ దృశ్యం ఊహించుకోండి. రాష్ట్రపతి భవన్‌లో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఎవరు ఎటున్నారో టిక్కులు పెట్టుకోవడం. ఏడేళ్లకు పైగా ముఖ్యమంత్రిగా, స్పీకర్‌గా తలలు లెక్కపెట్టిన మనిషికి ఇది కొత్త పని కాదు. కానీ చేయాల్సిన చోటు అది కాదు. నా మటుకు నాకు సంజీవరెడ్డి మొదటి తప్పటడుగు అక్కడే పడిందనిపిస్తుంది. మెజారిటీ తేలాల్సింది సభలో, రాష్ట్రపతి బల్ల మీద కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే జూలై 28న చరణ్ సింగ్ చేత ప్రమాణం చేయించేటప్పుడు ఆగస్టు మూడో వారంలోగా లోక్‌సభ విశ్వాసం పొందాలని షరతు పెట్టారు. మంచి షరతు. తరవాతి కాలంలో పలువురు రాష్ట్రపతులు వాడుకున్నదే.

చరణ్ సింగ్ ప్రభుత్వం ఇందిర మద్దతు మీద నిలబడింది. తన మీద, కొడుకు సంజయ్ మీద ఉన్న కేసుల సంగతి తేలకపోవడంతో ఆమె మద్దతు తీసేశారని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఆగస్టు 20న సభ మొదలవుతుందనగా చరణ్ సింగ్ సభకు వెళ్లకుండా నేరుగా రాజీనామా ఇచ్చి, లోక్‌సభ రద్దు చేయమని సలహా ఇచ్చారు. పార్లమెంటు మొహం చూడని ప్రధానిగా మిగిలిపోయారు.

ఇక మిగిలింది జగ్జీవన్ రామ్. మొరార్జీ తప్పుకున్నాక జనతా ఆయన్ను నాయకుడిగా ఎన్నుకుంది. తనకు అవకాశం ఇస్తే సభలో మెజారిటీ చూపిస్తానన్నారు. పార్టీ అధ్యక్షుడు చంద్రశేఖర్‌తో కలిసి రాష్ట్రపతిని కలిశారు. తొందరేమీ లేదన్నట్టు మాట్లాడి పంపించి, వెనకే రద్దు ప్రకటన విడుదల చేశారని జనతావాళ్ల ఆరోపణ. రాష్ట్రపతి తనవైపు నుంచి చెప్పిన కారణాలూ తేలికైనవి కావు. ఫిరాయింపులతో సభ కుళ్లిపోయింది, ఎక్కువ పార్టీలు ఎన్నికలే కోరుతున్నాయి, ఇంకో అతుకుల ప్రభుత్వం ఇంకో నెల నడుస్తుంది, అంతే.

సభే లేనప్పుడు

ఇప్పుడు 61వ అధికరణ తీసి చూద్దాం. రాష్ట్రపతిని తొలగించడానికి ఒకే కారణం చెల్లుతుంది, రాజ్యాంగ ఉల్లంఘన. పార్లమెంటు ఉభయ సభల్లో ఏదో ఒకటి అభియోగం మోపాలి. ఆ సభ సభ్యుల్లో నాలుగో వంతు సంతకాలు పెట్టి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తీర్మానానికి హాజరైనవాళ్లలో కాదు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు ఓటు వేయాలి. ఆ తరవాత రెండో సభ దర్యాప్తు చేయాలి. రాష్ట్రపతి స్వయంగానో వకీలు ద్వారానో వాదించుకోవచ్చు. అక్కడా మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు ఔనంటేనే ఆయన దిగాలి.

1979 ఆగస్టు 22 తరవాత ఈ లెక్కకు ఒక సభే లేదు. లోక్‌సభ రద్దయింది. మిగిలిన రాజ్యసభలో జనతాకు మామూలు మెజారిటీ కూడా ఎప్పుడూ లేదు. 44వ సవరణ బిల్లులోని కొన్ని క్లాజులను అక్కడ నెగ్గించుకోలేకపోయింది కూడా. రాజ్యసభ ఒకవేళ అభియోగం మోపినా, దర్యాప్తు చేయడానికి రెండో సభ వచ్చేది ఎన్నికల తరవాతే. లోక్‌సభ బతికున్నా 360 మందికి పైగా చేతులెత్తాలి. పార్టీ చీలక ముందే జనతాకు అంత బలం లేదు. ఇవన్నీ తెలియనివాళ్లు కాదు జనతా నాయకులు. వాళ్లలో ఉద్దండ న్యాయవాదులున్నారు. అంటే ఆ డిమాండ్ పార్లమెంటు కోసం కాదు, ఎన్నికల సభల కోసం.

ఉల్లంఘన జరిగిందా అన్న ప్రశ్న వేరే. 1976లో 42వ సవరణ మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని రాసేసింది. 1978లో జనతా తెచ్చిన 44వ సవరణ ఒకసారి పునరాలోచించమని తిప్పి పంపే వీలిచ్చింది, అంతే. సభ ముందుకు ఒక్కసారీ రాని ప్రధాని ఇచ్చిన సలహా కూడా ఆ లెక్కలోకి వస్తుందా? దీనికి రాజ్యాంగంలో నేరుగా జవాబు లేదు. జవాబు లేని చోట రాష్ట్రపతి ఒక నిర్ణయం తీసుకుంటే అది తప్పుడు నిర్ణయం కావచ్చు, ఉల్లంఘన అనడం కష్టం. చరణ్ సింగ్ నియామకాన్ని ప్రశ్నిస్తూ కోర్టుకు వెళ్లినవాళ్లకూ ఫలితం దక్కలేదు. కలకత్తా హైకోర్టు మాత్రం ఆపద్ధర్మ ప్రభుత్వం రోజువారీ పనులకే పరిమితం కావాలని గట్టిగా చెప్పింది.

పార్టీల నాలుకలు ఎలా మడతపడతాయో చూడాలంటే 1977 ఏప్రిల్ చాలు. కేంద్రంలో జనతా వచ్చిన నెలకే తొమ్మిది కాంగ్రెస్ రాష్ట్రాల అసెంబ్లీలు రద్దు చేయాలనుకుంది. ఆ ముఖ్యమంత్రులకు లేఖలు రాసిన హోంమంత్రి చరణ్ సింగే. తాత్కాలిక రాష్ట్రపతి బి.డి. జత్తి సంతకం పెట్టడానికి వెనకాడారు. మంత్రిమండలి సలహా కాదనడానికి నువ్వెవరంటూ జనతా ఆయన మీద విరుచుకుపడింది. జత్తి సంతకం పెట్టారు. రెండేళ్లకు అదే జనతా సలహా వినడమే నేరమంది. 1980 ఫిబ్రవరిలో ఇందిర ప్రభుత్వం ప్రతిపక్షాల చేతిలోని తొమ్మిది అసెంబ్లీలను రద్దు చేయించినప్పుడు సంతకం సంజీవరెడ్డిదే. ఈసారి కాంగ్రెస్‌వాళ్లకు మంత్రిమండలి సలహా వేదవాక్కయింది. రాష్ట్రపతి పదవి ఒకటే, సిద్ధాంతం మాత్రం ఎవరు గద్దె మీద ఉంటే వాళ్లది.

జగ్జీవన్ రామ్ మాట

ఇంత చెప్పాక ఇటువైపు కూడా చూడాలి. 1979లో జగ్జీవన్ రామ్ అడిగింది పదవి కాదు, ఒక్క ఓటింగ్. దళితుడు ప్రధాని కాకుండా అడ్డుకున్నారని ఆయన వర్గం బాహాటంగానే అంది. సంజీవరెడ్డి మనసులో ఏముందో రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. కానీ వరస చూస్తే ఆ మాట ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. 1969లో బెంగళూరులో రాష్ట్రపతి అభ్యర్థిత్వం ఆయన్ను దాటి సంజీవరెడ్డికి వెళ్లింది. 1971లో యుద్ధం గెలిచినప్పుడు రక్షణ మంత్రి ఆయన, కీర్తి ఇందిరది. 1977లో ప్రధాని పదవి ఆయన్ను దాటి మొరార్జీకి వెళ్లింది, ఆ దారి వేసింది చరణ్ సింగ్. 1979లో సభలో బలం ఉందో లేదో తేల్చుకునే అవకాశమైనా దక్కలేదు. చరణ్ సింగ్‌కు దాదాపు నెల గడువు ఇచ్చిన రాష్ట్రపతి, జగ్జీవన్ రామ్‌కు వారం ఇవ్వలేకపోయారు. ఇచ్చి ఉంటే ఏమయ్యేది? బహుశా ఎంపీల కొనుగోళ్లు ఇంకా పెరిగేవి, ప్రభుత్వం నిలిచేది కాదేమో. అయినా ఆ ఓటమి సభలో తేలి ఉండేది. సంజీవరెడ్డి 1989లో తన జ్ఞాపకాలు పుస్తకంగా తెచ్చి నిర్ణయాన్ని సమర్థించుకున్నారు. ఆయన వాదన చదివినా ఈ ఒక్క ముల్లు తీయలేకపోయారనే అనిపిస్తుంది.

ఆయన పుట్టిన ఇల్లూరు ఉన్న శింగనమల ఇప్పుడు ఎస్సీ రిజర్వుడు స్థానం. జగ్జీవన్ రామ్ కూతురు మీరా కుమార్ 2009లో సంజీవరెడ్డి రెండుసార్లు కూర్చున్న స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు. 2017లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడారు.

ఆపద్ధర్మంలో వచ్చిన యుద్ధం

రద్దు ప్రకటనలోనే రాష్ట్రపతి భవన్ చరణ్ సింగ్ ప్రభుత్వానికి హద్దు గీసింది. కొత్త విధానాలు, పెద్ద ఖర్చులు పెట్టుకోవద్దు, ఏడాది చివరికల్లా ఎన్నికలు కానివ్వాలి. కానీ కాలం ఎవరి హద్దులూ వినదు. సరుకులు కరువై ధరలు మండుతుంటే అక్టోబరులో నల్లబజారు వ్యాపారులను విచారణ లేకుండా నిర్బంధించే ఆర్డినెన్సు వచ్చింది. సంతకం సంజీవరెడ్డిదే. ఎమర్జెన్సీ నిర్బంధాలను తిట్టి అధికారంలోకి వచ్చినవాళ్ల హయాంలోనే ఇది రావడం విడ్డూరం. డిసెంబరు చివర సోవియట్ సైన్యాలు అఫ్గానిస్తాన్‌లోకి దిగాయి. పొరుగున యుద్ధం మొదలైతే ఢిల్లీలో ఉన్నది సభ మొహం చూడని ప్రధాని, అభిశంసించాలని జనతా అరుస్తున్న రాష్ట్రపతి. చరణ్ సింగ్ ప్రభుత్వం సోవియట్ సైన్యాలు వెనక్కి పోవాలంది. కొన్ని రోజుల్లోనే ఎన్నికల్లో నెగ్గిన ఇందిర ఐక్యరాజ్యసమితిలో ఆ స్వరం తగ్గేలా చేశారు. ఆపద్ధర్మ ప్రభుత్వానికి విదేశాంగ విధానం ఉండొచ్చా అన్న చర్చకు అంతకంటే మంచి సందర్భం రాదు. చర్చ మాత్రం జరగలేదు, అందరూ ఎన్నికల్లో ఉన్నారు.

1980 జనవరి 3, 6 తేదీల్లో ఓటింగ్ అయింది. ఇందిర కాంగ్రెస్‌కు 353 స్థానాలు, చరణ్ సింగ్ పార్టీకి 41, జగ్జీవన్ రామ్‌ను ప్రధాని అభ్యర్థిగా నిలిపిన జనతాకు 31. అభిశంసించాలన్న పార్టీకి కొత్త లోక్‌సభలో నోటీసు మీద సంతకాలకు కావాల్సిన నాలుగో వంతు కూడా లేదు. ఆ మాట అలా పోయింది. పదేళ్ల కిందట తనను ఓడించిన ఇందిర చేతే సంజీవరెడ్డి ప్రమాణం చేయించారు. మొరార్జీ, చరణ్ సింగ్, ఇందిర, ముగ్గురు ప్రధానులతో పూర్తి కాలం నెగ్గుకొచ్చారు.

1982 జూలైలో పదవి దిగేటప్పుడు చేసిన వీడ్కోలు ప్రసంగంలో వరుసగా వచ్చిన ప్రభుత్వాలు సామాన్యుడి బతుకు మార్చలేకపోయాయన్నారు. పాలకులను అదుపు చేయడానికి బలమైన ప్రతిపక్షం రావాలన్నారు. ఆ తరవాత అనంతపురం వచ్చేశారు. ఆరు నెలలు తిరక్కుండానే ఆయన సొంత రాష్ట్రంలో ఎన్టీఆర్ కాంగ్రెస్‌ను ఊడ్చేశారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను తొలగించి, బలం చూపుకోవడానికి నెల గడువిచ్చి నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించారు. గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి, ఎమ్మెల్యేలను రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు నిలబెట్టారు. అయిదేళ్లకు రాష్ట్రపతి భవన్‌లో మళ్లీ తలల లెక్క, ఈసారి కాగితం మీద కాదు, మనుషులే. గవర్నర్‌కు అభిశంసన ఉండదు, కేంద్రం తలచుకుంటే చాలు. నెలాఖరుకు రామ్‌లాల్ వెళ్లిపోయారు. శంకర్ దయాళ్ శర్మ వచ్చి సెప్టెంబరులో ఎన్టీఆర్ చేత మళ్లీ ప్రమాణం చేయించారు. అదే నెలలో ఎన్టీఆర్ శాసనసభలో ఓటింగ్ పెట్టించి బలం నిరూపించుకున్నారు. జగ్జీవన్ రామ్ 1979లో అడిగింది ఆ ఓటింగే.